నీ వెనుక నడిచింది అందుకే

హైదరాబాదు,
12-11-1993

చి.ల.సౌ. శంకరవ్వకు,

ఆశీర్వదించి రాసేది. ఇక్కడ నేను రెండు పూటలా తింటూ, ఒంట్లో ఏ నలతా లేకుండా ఉన్నాను. మా అవ్వ, నువ్వు, బిడ్డ కూడా అట్లాగే ఉన్నారని తలుస్తున్నాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. అవ్వకు దగ్గు తగ్గిందన్నావు, సంతోషం. పెద్దపల్లిలో దుకాణాల బోర్డులు రాయమని ఎవరైనా వస్తే వేరే పెయింటర్‌ను చూసుకొమ్మను. నన్ను ఇక్కడ బొమ్మల సినిమా పనిలో ఉంచుకున్నారు.

చెన్నూరులో నీ వెనుక ఎందుకు నడిచానని అడిగావు. చెప్పు కరుస్తోందని ఆ రోజు అన్నది అబద్ధం.

ఇక్కడ బొమ్మ ఒక్క అడుగు వేయాలంటే పన్నెండు కాగితాలు గీయాలి. నాకు పెట్టిన పరీక్ష, నెత్తిన మూటతో ఒక ఆడమనిషి నడవడం. మూడుసార్లు గీశాను. మాకు పని నేర్పే కరుణాకర్‌రావు సారుది మన కరీంనగరే. మూడుసార్లూ పక్కన పెట్టేశాడు.

"నీ బొమ్మ జారుతున్నది హనుమండ్లూ, నడుస్తలేదు. బరువు కాలు మీద పడాలె. ఇంకొక్కసారి చూస్త, అంతే" అన్నాడు.

నీ నడక గుర్తు చేసుకోబోయాను. రాలేదు. పెళ్లయి తొమ్మిదేళ్లు. ఎక్కడికి పోయినా నేను ముందు, నువ్వు వెనుక. అందుకే రెండు రోజులు సెలవు పెట్టి వచ్చాను. చెన్నూరు పోయి మీ అవ్వను చూద్దామన్నది సాకు.

బస్సు దిగినాక నేను వెనుకబడ్డాను. నువ్వు రెండుసార్లు ఆగావు. "ముందు నడువు, మంది చూస్తుండ్రు" అన్నావు. ఆ తర్వాత తిరిగి చూడకుండా నడిచావు.

అప్పుడు చూశాను. ఎడమ మడమ నేలకు పూర్తిగా ఆనించవు. వేళ్ల మీదే అడుగు వేసి, వెంటనే కుడికాలి మీదికి ఒరుగుతావు. మీ అవ్వగారి గడప దాకా ప్రతి అడుగూ అట్లాగే.

అక్కడే అడగాల్సింది. అడగలేదు. అడిగితే సవరించుకుని నడుస్తావనుకున్నాను. తిరుగు దారిలో ఇంకొకసారి చూడాలి నాకు. చూశాను కూడా.

ఇక్కడికి తిరిగొచ్చి మళ్లీ గీసిన కాగితాలను సారు రెండుసార్లు తిప్పాడు. ఇప్పుడు మనిషి నడుస్తున్నదన్నాడు, పనిలో ఉండమన్నాడు. తర్వాత ఆ కాగితాలు చేతిలో పట్టుకునే అడిగాడు: "గీమెకు కాలు నొస్తున్నది. ఎన్నేండ్ల సంది?"

నాకు తెలియదు.

బిడ్డ కడుపులో ఉన్నప్పుడు బావి గచ్చు మీద జారిపడ్డావు. ఏం కాలే అన్నావు, నేను బ్రష్షు పట్టుకుని పనికి పోయాను. అప్పటిదేనా? బిడ్డకు ఇప్పుడు ఆరేళ్లు.

వచ్చే వారం ఆదివారం వస్తున్నాను. సోమవారం కరీంనగర్ దవాఖానకు పోదాం. బస్టాండు దాకా రిక్షా మాట్లాడతాను. నడుస్తానని మొండికెయ్యకు.

ఇట్లు,
నీ పెనిమిటి
హనుమండ్లు