బీరువా అడుగున జానెడు

ఆటోనగర్, 12-6-2004

హుమాయూన్ మామూకి సలాం.

మా బీరువాల షెడ్డులో కొత్త పెయింటు మిషను పెట్టారు. రంగు మందాన్ని తనే కొలుచుకుని, పలచగా పడిన చోట ఎక్కువ, మందంగా పడిన చోట తక్కువ చల్లుతుంది. నా స్ప్రే గన్ను మేకుకి వేలాడుతోంది.

సరదాకి మా ఆఫీసులో ఉన్న పాత బీరువాని, ఇరవయ్యేళ్ల కిందట మీరు రంగేసినదాన్ని, రంగు మందం కొలిచే మీటరుతో కొలిచాం. అంతటా ఒకే మందం, అచ్చం మిషను వేసినట్టే ఉంది. అడుగున జానెడు మేర మాత్రం రెట్టింపు మందం!

"పెద్దాయన చెయ్యి జారిందిలెండి" అన్నారు ఇంజినీరుగారు.

ఉండబట్టలేక వన్ టౌన్‌లో తెలిసినవాళ్ల ఇళ్లకెళ్లి మీ బీరువాలు ఇంకో నాలుగు కొలిచాను. అన్నిటికీ అదే జానెడు. చెయ్యి ప్రతిసారీ ఒకే చోట జారుతుందా? ఆఖరి ఇంట్లో ఇల్లాలు గది కడుగుతోంది. బకెట్టు కుమ్మరించగానే నీళ్లు ఎగిరి బీరువా అడుగున పడ్డాయి. తుప్పు మాత్రం లేదు.

ఈ నెల 21న, సోమవారం, మిషనుకి కొలతలు ఎక్కిస్తారు. అడుగున రెట్టింపు వెయ్యమని నేను పట్టుబట్టాలంటే మీ నోటి మాట కావాలి.

ఇంకొకటి. ఆరేళ్లు మీ దగ్గర పని నేర్చుకున్నాను. అడుగు భాగానికి రంగెయ్యబోయే ముందు ప్రతిసారీ నన్ను టీ తెమ్మని పంపేవారు. అది టీ కోసమేనా మామూ?

మీ మేనల్లుడు