నేను తప్పలేదు

మద్దిలపాలెం

అమ్మా, దేవుడి దయవల్ల ఆరోగ్యంగానే ఉన్నాను గానీ, ఒళ్ళు మండిపోతోంది. మా ఫిజిక్స్ మాస్టారు అంతులేని సిరీస్‌ని ఒక్కో టర్మ్‌గా విడదీసి ఇంటిగ్రేట్ చేసేశారు. అలా చెయ్యొచ్చని రుజువేదని అడిగితే, "జవాబొచ్చింది కదమ్మా, మనకదెందుకు?" అన్నారు. ఆ రుజువు నేర్చుకోడానికే నా అంతట నేను డిగ్రీ పిల్లల లెక్కల క్లాసులో కూర్చుంటున్నాను. ఏదో పనిమీద ఇటొచ్చిన సుందర్ రాజ్ బాబాయ్ క్లాసు కిటికీలోంచి చూసి, "మన జయ ఎమ్మెస్సీ తప్పిపోనాది, డిగ్రీ పిల్లల్తో కూకోబెట్టీసినారు" అని మనూరి చర్చిలో చెప్పాడట! ఆయనా రుజువు అక్కర్లేని రకమే. నువ్వెలా నమ్మావే?

ఎండు చేపలు పంపు, నెత్తళ్ళే. తమ్ముడి జ్వరం తగ్గిందా?

ఫోన్ చెయ్యకుండా పోస్టుకార్డు రాసింది, మీకు చేరేలోపు వీధంతా చదవాలనే. బాబాయ్‌కి నా వందనాలు. ఈపాటికి చదివే ఉంటాడు.

నీ జయశీల