నువ్వు గీసిన సున్నా

అన్నయ్యా,

నువ్వు పోయి నేటికి ఏడాది. వండూర్ తీరంలో నువ్వు తిరగకుండా ఆపించిన నా ఫైబర్ బోటును ఈరోజు కోయించాను.

ఆనాడు నాణెంతో దాని అడుగంతా తట్టి, చెవి ఆనించి విన్నావు. చప్పుడు మొద్దుగా వచ్చినచోట పెన్సిల్‌తో సున్నా గీశావు. "పైకి మెరుస్తంది గానీ, ఇన్నేళ్లు అలలు కొట్టీసి లోన పొరలు ఇడిపోయాయిరా. ఇంక జనాన్ని ఎక్కించకు" అన్నావు. చిన్న బీటైనా కనబడని బోటు! టూరిస్టుల సీజన్‌లో నా పొట్ట కొట్టావని తిట్టాను. ఆ తర్వాత నీతో మాట్లాడలేదు. నీ మాట తప్పు అని అందరికీ చెప్పాను గానీ, బోటును మాత్రం మళ్లీ నీళ్లలోకి దించలేదు.

బోటు కోయడానికి వచ్చినతను నీ సున్నా దగ్గర ఆగాడు. "దేఖో భయ్యా, లోపల తడిసిన పుస్తకంలాగుంది" అన్నాడు. పొరల మధ్యకి నా వేళ్లు దూరిపోయాయి. సున్నాకి జానెడు అవతల అదే ఫైబర్ రాయిలా గట్టిగా ఉంది. ఒక్క నాణెంతో ఎంత కచ్చితంగా విన్నావు!

సాయంత్రం, దాని బదులు కొన్న కొత్త బోటును జేబులోని నాణెంతో నేనే తట్టి చూశాను. అంతటా ఖంగుమంది. అయినా నమ్మకం కుదరక, నీ పెట్టెలోంచి ఆనాటి నీ నాణెం వెతికి తెచ్చి మళ్లీ మొదటినుంచి తట్టాను.

నీ తమ్ముడు