నంబర్లు తీసేసిన పేజీ

జూన్ 9, సోమవారం

సార్ ఫొటో నాలుగోసారి పెద్దది చేశాను. ఇప్పుడు ఫోన్‌లో తెరిస్తే తెర నిండా ఆయన నవ్వే. ఇది రక్తదాతల సంఘం వెబ్‌సైట్ అని తెలియాలంటే రెండుసార్లు కిందికి జరపాలి. సాయంత్రం మళ్లీ ఫోన్. "జర శాలువ గూడ కనబడాలె స్వప్నా." శాలువా కోసం ఐదోసారి.

రిటైరైన లెక్చరర్. కరీంనగర్‌లో ఈ సంఘం పెట్టిందీ, నడిపేదీ ఆయనే. తలసేమియా పిల్లలకు దాతలను వెతికిపెట్టడం పని. మంచి పనే. అందుకే సైట్ చేసిపెట్టడానికి ఒప్పుకున్నాను. అందుకే గట్టిగా ఏమీ అనలేకపోతున్నాను.

జూన్ 11

ఎరుపు ఇంకా ఎర్రగా కావాలట.

జూన్ 13, శుక్రవారం

మెట్‌పల్లి వెళ్లొచ్చాను. సైట్ వాడేవాళ్ల ముఖం చూడకుండా ఇన్నాళ్లూ బొమ్మలు జరుపుతూ కూర్చున్నాను — నామీద నాకే కోపం.

రజిత. బీడీలు చుడుతుంది. కూతురు శ్రీజకు ఆరేళ్లు, తలసేమియా. మూడు వారాలకోసారి కరీంనగర్ తీసుకొచ్చి రక్తం ఎక్కించాలి. "ఎక్కించినంక పది రోజులు ఉర్కుతది అక్కా. తర్వాత మెల్లమెల్లగ ఒక్కకాడ కూసుంటది."

సైట్ తెరిచి దాతను వెతకమన్నాను. నేనేమీ చెప్పనని ముందే అన్నాను. ఆమె ఫోన్‌లో తెల్లతెర... చాలాసేపు. తర్వాత సార్ ముఖం. ఆయన ఫొటో మీద నొక్కింది — ఫోన్ పోతుందనుకుంది. పోలేదు. మళ్లీ నొక్కింది. ఎలాగో ఫారం దాకా వెళ్లింది. పద్నాలుగు గడులు.

"మెయిల్ ఐడీ అంటే ఏం రాయాలె?"

అక్కడే ఆగిపోయింది. తప్పు తనదే అన్నట్టు నవ్వింది. "నాకు సదువు తక్కువ గదా." ఆ గడి పెట్టింది నేను. ఎందుకు పెట్టానంటే — అన్ని ఫారాల్లో ఉంటుంది కాబట్టి. అంతకుమించి కారణం లేదు.

"నాకు ఒక్కటే కావాలె అక్కా. పొద్దుగాల బస్సెక్కుడు కంటె ముందు — రక్తం దొరుకుతదా, దొరకదా. గది తెలిస్తె సాలు."

పద్నాలుగు గడుల్లో ఆ ఒక్కటే లేదు.

జూన్ 14

కాగితం మీద కొత్తగా గీశాను. ఒక్క పేజీ. ఏ గ్రూపు, ఎక్కడికి, ఎప్పటికి. కింద ఒక బటన్. అది నొక్కితే సంఘానికి ఫోన్. దాతతో మాట్లాడేది సంఘం మనిషి. దాతల నంబర్లు బయట కనబడవు. చాలా రోజుల తర్వాత నా పని నాకు నచ్చింది.

జూన్ 16, సోమవారం

"గిదేంది, గింత బోసిగ? దాతల పేర్లేవి? నంబర్లేవి?"

ఆడవాళ్లు కూడా ఉన్నారు సార్, నంబర్లు అందరికీ కనబడితే బాగుండదు అన్నాను.

"కనబడకపోతె ఎట్ల ఫోన్ చేస్తరమ్మా? సంఘం ఫోన్ అంటున్నవ్ — ఎత్తనికి మనిషిని ఏడికెంచి తేవాలె?"

గంట వాదన. చివరికి ఫొటో చిన్నది చేయడానికి ఆయన ఒప్పుకున్నారు, నంబర్లు పెట్టడానికి నేను ఒప్పుకున్నాను. ఏదో గెలిచినట్టు ఇంటికొచ్చాను. ఏం గెలిచానో అర్థం కావడం లేదు.

జూన్ 19

ప్రారంభోత్సవం. లాప్‌టాప్‌కు పసుపు కుంకుమ. కొబ్బరినీళ్లు కీబోర్డు మీద పడ్డాయి. చప్పట్లు.

జూన్ 24, మంగళవారం

రజిత ఫోన్. ఇవాళ శ్రీజకు రక్తం ఎక్కించారు. పేజీలో నంబర్ చూసి తనే ఒక దాతకు ఫోన్ చేసిందట — నస్రీన్ అని, ఇక్కడే టైలరింగ్ షాపు నడుపుతుంది. "గంటలనే వచ్చిందక్కా. మిషన్ మీద బట్ట అట్లనే ఇడిసిపెట్టి వచ్చిందట."

మూడుసార్లు చెప్పించుకున్నాను.

జూన్ 27, శుక్రవారం

నస్రీన్ నా ఆఫీసు గది వెతుక్కుంటూ వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. ఫోన్ నా బల్ల మీద పెట్టింది. మాట్లాడుతుండగానే మోగింది. తెలియని నంబర్.

"పొద్దుందాక గిదే. రక్తం కావాలె అని షురూ చేస్తరు. తర్వాత పెండ్లయిందా, ఒక్కతివే ఉంటవా..."

పేరు మీద నొక్కగానే నేరుగా ఫోన్ వెళ్లేలా చేసింది నేనే. ఎవరైనా సులువుగా చేయగలగాలని. ఎవరైనా.

"బిడ్డల కోసం ఇచ్చిన నంబర్ అది. మా అన్న సిమ్ము పారెయ్ అంటుండు. నా గిరాకీలందరి కాడ అదే ఉన్నది. షాపు బంద్ చేసుకోవాల్నా?"

నేను పెట్టొద్దనే అన్నాను, సార్ ఒప్పుకోలేదు అని మొదలుపెట్టాను.

"పేజీ చేసింది నువ్వే గదా?"

ఆమె ఎదురుగానే తీసేశాను. ఆమె ఒక్కదాని నంబరే కాదు, అందరివీ. పేర్లు కూడా. సార్‌ను అడగలేదు.

జూన్ 28

ఫోన్‌లో అరుస్తారనుకున్నాను. మనిషే వచ్చారు. మెట్లెక్కి, ఆయాసపడుతూ. "నాకు చెప్పకుంట ఎట్ల తీస్తవ్?"

నస్రీన్ సంగతి చెప్పాను. విన్నారు. నీళ్లు అడిగి తాగారు. తర్వాత, కిటికీ వైపు చూస్తూ —

"మా చెల్లె ఆదిలాబాద్ల కాన్పుకు పోయింది. రక్తం దొరకలే. ఎవలినడగాలె నేను? ఒక్క మనిషి నంబరన్న లేకపాయె నా కాడ. ఒక్కటుంటె బతుకుతుండె."

ఇన్ని నెలల్లో ఈ మాట ఎప్పుడూ అనలేదు. ఫొటో, శాలువా, ఎరుపు — వీటి గురించే మాట్లాడుకున్నాం. నేనూ అడగలేదు.

"ఎవడో పోకిరోడు ఫోన్ చేస్తడని అందరికాడ దాచిపెడ్తవా?"

వెళ్తూ గుమ్మం దగ్గర ఆగారు. "పాస్‌వర్డ్ పంపియ్ బిడ్డా. వేరేటోళ్లతోని పెట్టించుకుంట."

జూలై 1

పంపలేదు.

జూలై 2

అప్పుడు కాగితం మీద గీసిన బటన్ పేజీలో పెట్టాను, దాని వెనక నా నంబర్. ఎత్తే మనిషి లేడన్నారుగా. మధ్యాహ్నానికి పదకొండు ఫోన్లు. నాలుగు నిజమైనవి. ఒకాయన శ్రీరాంపూర్ నుంచి, బొగ్గు గనిలో పని — తన పేరూ రాసుకోమన్నాడు. మిగతావి నస్రీన్ చెప్పినటువంటివే. రెండో మాటకే తెలిసిపోతుంది. కట్ చేస్తున్నాను. ఆమె ఇవి ఎనిమిది రోజులు విన్నది, మధ్యలో రక్తం కూడా ఇచ్చింది.

జూలై 5

చేయాల్సిన ఇంకో పని, పెళ్లిమండపం వాళ్ల సైట్, ముట్టుకోనే లేదు. వాళ్లూ అరుస్తున్నారు. అన్నం తింటుంటే కూడా ఫోనే. అవ్వ: "ఎవలమ్మా అన్నిసార్లు?"

జూలై 8, మంగళవారం

నస్రీన్ ఫోన్ చేసింది. ఆ ఫోన్లు తగ్గాయట, ఆగలేదు. ఎవరో ఆ జాబితాను ముందే ఫొటో తీసి పంచుకున్నారు. తీసేస్తే పోతుందనుకున్నాను — ఈ పనిలో ఇన్నేళ్లుండి.

"పేరెందుకు తీసినవ్?"

మీకోసమే తీశానన్నాను.

"నంబర్ తీయమన్న. పేరు తీయమనలే. రక్తమిచ్చిన అని చెప్పుకోనీకి నాకేం షరమ్?"

పెట్టేటప్పుడూ వాళ్లను అడగలేదు. తీసేటప్పుడూ అడగలేదు.

జూలై 10

ఒక్కొక్కరికి ఫోన్ చేసి అడిగి పేర్లు మళ్లీ పెడుతున్నాను. ఇద్దరు వద్దన్నారు. చాలామంది అసలు ఎత్తలేదు. మొదటి రోజు చేయాల్సిన పని ఇది.

జూలై 12

సార్ మెసేజ్. పాస్‌వర్డ్ ఇవ్వకపోతే బుధవారం సంఘం కమిటీలో పెడతారట. మర్యాదగానే రాశారు. అదే బాధగా ఉంది.

జూలై 14, సోమవారం

రేపు శ్రీజకు మళ్లీ రక్తం ఎక్కించే రోజు. పొద్దున్నే రజిత: "నంబర్లు కనబడ్తలేవక్కా." నేను చూస్తానన్నాను.

నస్రీన్ ఇచ్చి మూడు వారాలే, ఇప్పుడప్పుడే ఇవ్వకూడదు. ఆ గ్రూపు వాళ్లు ఇంకా నలుగురున్నారు. ఒకరికి జ్వరం. ఒకరు ఊళ్లో లేరు. మిగతా ఇద్దరూ ఆడవాళ్లు — ఎత్తడం లేదు. తెలియని నంబర్లు ఎత్తడం మానేశారు. ఎందుకో నాకు తెలుసు. మెసేజ్ పెట్టాను. చూడలేదు.

ఐదింటికి సార్‌కే ఫోన్ చేశాను. పాస్‌వర్డ్ మాట ఎత్తలేదు. "పాప పేరు? గ్రూపు?" రాసుకుంటున్న చప్పుడు. "చూస్త" అని పెట్టేశారు.

జూలై 15, మంగళవారం

ఆరుంబావుకు రజిత. "బస్సెక్కినం అక్కా. శ్రీజ నా ఒళ్లె పండుకున్నది. ఎవలన్న దొరికిండ్రా?"

సార్ దగ్గర్నుంచి ఏమీ రాలేదు. ఇద్దరిలో ఒకామె మెసేజ్ చూసింది, జవాబివ్వలేదు. "రండి" అన్నాను. అంతే అన్నాను. రక్తం దొరికిందని రజిత అనుకుని ఉంటుంది.

ఏడున్నర. ఎవరి దగ్గర్నుంచీ ఇంకా ఫోన్ లేదు. వాళ్లు ఇప్పటికి జగిత్యాల దాటి, సగం దారిలో ఉంటారు.