స్టీప్‌హిల్ టైము

అక్టోబర్ 15, 2024, మంగళవారం. సా. 7:50

ఈ సాయంత్రం 7:25కి ఊరి కౌన్సిల్ మూడు–రెండు ఓట్లతో ఎలివేటర్‌ను కూల్చేయాలని తీర్మానించింది. 1927లో రైలు పట్టాల పక్కన గోధుమలు నిల్వ చేయడానికి కట్టిన ఎనభై అడుగుల చెక్క గోదాము అది. ఖాళీ అయి ఇరవై నాలుగేళ్లు. ఊరి పేరు స్టీప్‌హిల్, గుట్ట మాత్రం లేదు. మాకున్న ఎత్తంతా అదే.

అక్కడ రైతుల గోధుమలు తూచి కొన్న చివరి ఏజెంటు మెట్రో హ్నాటియుక్ ముందు వరుసలో కూర్చున్నాడు. డెబ్భై తొమ్మిదేళ్లు. తాళంచెవి ఇప్పటికీ అతని దగ్గరే ఉంది, ఎవరొచ్చినా తలుపు తీసి చూపిస్తాడు. మేయర్ ఆర్విల్ టెస్కే, ఈ ఏడాది ఎంతమంది వచ్చారు మెట్రో, నిజం చెప్పవయ్యా అన్నాడు. పదకొండు మంది. అందులో మీ చుట్టాలెందరు? తొమ్మిది. హాలంతా నవ్వింది. మెట్రో కూడా నవ్వాడు గానీ చేతిలో టోపీని నలుపుతూనే ఉన్నాడు.

ముప్పై ఏళ్లుగా కౌన్సిల్ సభలు ఊరి పేపర్‌కి రిపోర్ట్ చేస్తున్నాను, నోరు విప్పడం ఇదే మొదలు. విన్నిపెగ్ వాళ్లు వేసే కెనడా గైడ్‌బుక్‌కి మన సస్కాచెవాన్ ప్రావిన్స్ అధ్యాయం నేనే రాస్తున్నానని చెప్పాను. ఆర్విల్ గడ్డం గోక్కున్నాడు. అందులో మన ఎలివేటర్ పడితే అచ్చు ప్రూఫ్ తెచ్చి నవంబర్ 5 సభలో నా ముందు పెట్టు వెరా, నా ఓటు మార్చుకుంటా అన్నాడు.

అక్టోబర్ 17

మొదటి పేరా అయింది. ఈ ప్రావిన్స్ సరిహద్దుల్లో ఒక్కటి కూడా నదో కొండో గీసింది కాదు, నాలుగూ స్కేలు పెట్టి గీసినవే. దక్షిణాన గోధుమ, కనోలా, మసూర్ పప్పు. నేల కింద పొటాష్. ఉత్తరాన అడవి, లక్ష సరస్సులు, యురేనియం, పడవలోనో విమానంలోనో తప్ప చేరలేని ఇసుక దిబ్బలు. మానిటూ సరస్సులో మునగాలన్నా మునగలేం, అంత ఉప్పు.

మసూర్ పప్పు ఓడలకొద్దీ ఎగుమతి చేస్తాం. మా వీధిలో దాన్ని వండటం వచ్చినవాళ్లు ముగ్గురు. ఇది మాత్రం రాయలేదు.

అక్టోబర్ 21

‘అనంతమైన ఆకాశం’ అని రాసి కొట్టేశాను. ఎవరు కొలిచారు?

అక్టోబర్ 30

ఎడిటర్ డెనిస్ ఫోర్టియే విన్నిపెగ్ నుంచి ఫోన్ చేశాడు. వెరా గారూ, మీ ఎలివేటర్‌కి రెండు లైన్లు ఇస్తాను, కానీ తెరిచే వేళలు లేకుండా ఏ చోటూ వేయం అన్నాడు. సోమవారం ఐదింటికి పేజీ మూసేస్తారట.

విన్నిపెగ్ ఐదంటే మాకు నాలుగు. వాళ్లు మార్చిలో గడియారం గంట ముందుకు తిప్పుతారు, మేం ఏనాడూ ముట్టుకోం. ‘వాళ్ల 5 = మన 4’ అని ఆగస్టులోనే కాగితం రాసి గోడకి అంటించాను.

మెట్రోని వేళలు అడిగాను. వేళలేంటమ్మా, నేనుంటే తెరిచినట్టే అన్నాడు. సోమవారంలోగా ఆలోచించి చెప్తాడట.

నవంబర్ 4, సోమవారం. సా. 5:40

పొద్దున్నుంచీ మెట్రో ఫోన్ ఎత్తలేదు. ఇంట్లో లేడు. కాఫీ కొట్టులో లేడు. ఎలివేటర్‌కి తాళం. అతని ట్రక్కు చర్చి వెనకాల ఉంది, చర్చిలో మాత్రం ఎవరూ లేరు. ‘10 నుంచి 4 వరకు’ అని నేనే రాసి పంపితే ఎవరికీ తెలియదు. అడగని సంగతి ఇన్నేళ్లలో ఒక్కటీ అచ్చు వేయలేదు. ఇప్పుడూ వేయలేదు. నాలుగైపోయింది.

4:10కి చర్చి నేలమాళిగ కిటికీలోంచి ఉల్లిపాయలు వేగే వాసన వచ్చింది. మెట్లు దిగాను. పదిమంది ఆడవాళ్లు కజ్జికాయల్లాంటి పెరొహీలు చేస్తున్నారు. మధ్యలో పూల ఏప్రన్ కట్టుకుని మెట్రో, బంగాళదుంప ముద్ద పెట్టి అంచులు నొక్కుతున్నాడు. అది ఆడంగుల పనని నలభై ఏళ్లు ఎగతాళి చేసిన మనిషి. ఇది పేపర్లో వేశావో చూడు అన్నాడు. కింద ఫోన్ సిగ్నల్ రాదు.

టైము దాటిపోయింది మెట్రో అన్నాను. చేతులు తుడుచుకుని కాసేపు పిండి వైపే చూశాడు.

క్షమాపణ చెబుదామని మెట్లెక్కి డెనిస్‌కి ఫోన్ చేశాను. ఎందుకండీ, ఇంకా నాలుగుంబావే కదా అన్నాడు. నిన్ననే గంట వెనక్కి తిప్పాం, చలికాలమంతా మీదీ మాదీ ఒకటే టైము!

మెట్రోకి చెప్పాను. వాళ్లే అటూ ఇటూ తిరిగి చివరికి మన దగ్గరికే వచ్చారన్నమాట అన్నాడు. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. వేళలు అడిగాను. రాసుకో అన్నాడు. తలుపు తట్టండి. పలకకపోతే కాఫీ కొట్టులో చూడండి. సోమవారం... అని ఆగి ఏప్రన్ వైపు చూసుకున్నాడు. సోమవారం సెలవు.

4:38కి పంపాను. ఒక్క అక్షరం మార్చకుండా వేస్తానన్నాడు డెనిస్. ప్రూఫ్ 5:20కి వచ్చింది.

నవంబర్ 5

ఆర్విల్ ప్రూఫ్ రెండుసార్లు చదివి, సోమవారం సెలవెందుకయ్యా అన్నాడు. మెట్రో కిటికీ బయటికి చూశాడు. కూల్చివేత రద్దు, మూడు–రెండు.

ఏప్రిల్ 28, 2025

విన్నిపెగ్ నుంచి మొదటి బస్సు బుక్కయింది. నలభై రెండు మంది, ఒక్కరూ చుట్టం కాదు. మే 17, శనివారం, మధ్యాహ్నం రెండు.

ఎవరి గడియారంలో రెండో కనుక్కోవాలి.