రాజోలులో మట్టిగోడ

హైదరాబాద్, జూన్ 2

పెదనాన్నగారికి వందనాలు.

ఫోనులో నా మాట సగమే వినిపిస్తోందనీ, పైగా రిటైరైన పోస్టుమాస్టరింటికి ఉత్తరం రాకపోతే అల్లవరంలో పరువేముంటుందనీ అన్నారు కదా, అందుకే రాస్తున్నాను. పాత ఉద్యోగం మానేశాను. ప్రకృతికి చేటు చెయ్యని ఇళ్లు గీసే చిన్న ఆఫీసులో చేరాను. ఇక్కడ ఏసీ లేదు. గోడలకు సిమెంటు పూత లేదు. కూల్చేసిన ఇళ్ల తలుపులు తెచ్చి బిగించారు. నేనూ స్కూటీ అమ్మేసి సైకిలు కొన్నాను. చిరిగిన బట్టలు కుట్టుకుని వేసుకుంటున్నాను. చాలా సంతోషంగా ఉన్నాను.

మీ క్రిస్టీనా

తా.క. మాగాయి అయిపోయింది. పెద్దమ్మని ఈసారి ప్లాస్టిక్ డబ్బాలో కాకుండా జాడీలో పంపమనండి.

*

అల్లవరం, జూన్ 8

అమ్మా క్రిస్టీనాకు ప్రభువు నామంలో దీవెనలు.

నీ ఉత్తరం మీ పెద్దమ్మ పుష్పలతకి చదివి వినిపించాను. చిరిగిన బట్టల దగ్గరికొచ్చేసరికి ఇంక చదవద్దంది. సంతోషంగా ఉన్నానని రాశావు చూడు, అక్కడే నాకు అర్థమైంది. మన ఇంట్లో కష్టాల్లో ఉన్నవాళ్లు తప్ప ఎవరూ ఆ మాట రాయలేదు. గోడకి పూత పూయించలేని ఓనరు జీతాలేమిస్తాడు? నిన్న చర్చిలో నీకోసం ప్రార్థన చేయించాను. పేరు చెప్పలేదు. హైదరాబాదులో సైకిలు తొక్కే ఆడపిల్ల అన్నానంతే. ఆరాధన అయ్యాక అందరూ నీ గురించే అడిగారు.

మీ పెదనాన్న యేసురత్నం

తా.క. స్త్రీల సమాజం వాళ్లు నీకు పదకొండు పాత చీరలు పోగుచేశారు. ప్లాస్టిక్ వద్దన్నావని నేనే జాడీలో కుక్కుతున్నాను.

*

హైదరాబాద్, జూన్ 13

పెదనాన్నగారికి వందనాలు.

చీరలు అందాయి. నాకే కష్టమూ లేదు. ఇదంతా కావాలని చేస్తున్నదే. ఇలాంటి ఇళ్లు కావాలని బాగా ఉన్నవాళ్లే వస్తున్నారు. రాజోలులో కొబ్బరితోటలున్న నాగదుర్గాప్రసాద్ గారు మట్టిగోడల ఇల్లు కట్టిస్తున్నారు. మొత్తం నేనే గీశాను, పని కూడా మొదలైంది. అది నిలబడితే సొంతంగా ఆఫీసు పెట్టుకోగలను.

మీ క్రిస్టీనా

తా.క. ఆ పదకొండు చీరల్లో రెండు పెద్దమ్మవే. తనకి తెలిసే వచ్చాయా?

*

అల్లవరం, జూన్ 17

అమ్మా క్రిస్టీనాకు దీవెనలు.

మీ తాతయ్య అలాంటి తోటలోనే పాలేరు. మాది మట్టిల్లే. ఏటా వానాకాలంలో ఏదో ఒక గోడ మా మీదకొచ్చేది. ఆ గోడల్లోంచి బయటపడ్డానికి మనకి మూడు తరాలు పట్టింది. ఇప్పుడు ఆ తోటలవాళ్లు లోపలికెళ్తామంటే నువ్వు దారి చూపిస్తున్నావా? సోమవారం రాజోలు వెళ్తాను. పిల్ల తెలియక గీసింది, సిమెంటుతో కట్టించుకోండి అని ఆయనకి చెప్పొస్తాను.

మీ పెదనాన్న

తా.క. ఆ రెండు చీరల సంగతి మీ పెద్దమ్మకి తెలియదు. నువ్వూ చెప్పకు.

*

హైదరాబాద్, జూన్ 20

పెదనాన్నగారూ,

దయచేసి వెళ్లకండి. తూర్పుగోడ ఆరేసరికి బీటలు వారింది. మేస్త్రి సిమెంటు తప్ప దారి లేదంటున్నాడట. ప్రసాద్ గారు ఎటూ తేల్చుకోలేకుండా ఉన్నారు. మీరొక్క మాటన్నారంటే ఆ ఇల్లు అక్కడితో ఆగిపోతుంది. ఫోను ఎందుకు ఎత్తరు?

క్రిస్టీనా

తా.క. ఈ ఉత్తరం సోమవారం లోపల మీకు అందాలని ప్రార్థన చేశాను. నేనూ పేరు చెప్పలేదు.

*

రాజోలు, జూన్ 26

అమ్మా క్రిస్టీనాకు దీవెనలు.

నీ ఉత్తరం ఇంటికొచ్చేసరికే నేనిక్కడున్నాను. చెప్పాల్సిందంతా బస్సులో వల్లెవేసుకున్నాను. ప్రసాద్ గారు గోడ దగ్గరే ఉన్నారు. నాకు కుర్చీ వేయించారు. మీ తాతయ్య అలాంటి వాకిట్లో ఎప్పుడూ నేలమీదే కూర్చున్నాడు. నేను కూర్చోలేక గోడ చూస్తూ నిలబడ్డాను. నల్లమట్టిలో ఇసుక తక్కువైంది. గడ్డి తరక్కుండా పొడుగ్గా వేసేశారు.

"మట్టి ఎన్నాళ్లు నానిందండీ?" అని మేస్త్రిని అడిగాను.

"పొద్దున్న కలిపి మధ్యాహ్నం కట్టేవండి" అన్నాడు.

చెప్పడానికొచ్చిన మాట మర్చిపోయాను. మూడురోజులు మట్టి నానబెట్టించి, నాలుగోనాడు ప్యాంటు మడిచి నేనే దిగి తొక్కాను. తొక్కి యాభై ఏళ్లు దాటింది. కాళ్లకి గుర్తుంది. ఈ పని నాకు తెలుసని ఇన్నాళ్లూ మీ పెద్దమ్మకి కూడా చెప్పలేదు. బీటలు చూడ్డానికి మీ ఆఫీసు నుంచి వచ్చిన ఇంజనీర్లిద్దరూ నేను చెప్పిందంతా పుస్తకంలో రాసుకున్నారు. ఇదంతా మీ నానమ్మ సారమ్మ నేర్పిందని కింద ఆవిడ పేరు రాయించాను. ఇల్లు పూర్తయ్యేదాకా ఉండమని ప్రసాద్ గారడిగితే సరేనన్నాను. వంటింటి కిటికీ నువ్వు తప్పుచోట గీశావు. వచ్చి దిద్దు.

యేసురత్నం
మట్టిపని సూపర్‌వైజరు

తా.క. నాలుగురోజులైనా ఇల్లు చేరలేదని మీ పెద్దమ్మ ఇవాళ నీ ఉత్తరం పట్టుకుని వెతుక్కుంటూ వచ్చింది. బురదలో ఉన్న నన్నే పిలిచి, "ఏవండీ, ఇక్కడ యేసురత్నం గారని పోస్టుమాస్టరు గారెవరైనా ఉన్నారాండీ?" అని అడిగింది. ఆయ్, ఉన్నారండీ అన్నాను.