ఏడో అట్ట మీద పరదా

వసపిట్టకి,

అక్క దీవెనలు, వాటి వెనకే చీవాట్లు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, నా ఒక్కదాని బుర్ర తప్ప. దాన్ని పాడుచేసింది నువ్వే కాబట్టి తీరిగ్గా కూర్చుని చదువు. ఫోనులోనే చెప్పేదాన్ని. కానీ ఫొటో అనే మాట నా నోట్లోంచి పూర్తిగా రాకముందే "అక్కా, రిహార్సల్‌కి పిలుస్తున్నారు" అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని మధ్యలో పెట్టేసినా, ఎప్పుడో ఒకప్పుడు మళ్ళీ తీసి చదవక తప్పదు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాలు నయం. నడవమని డాక్టరు చెప్తే నడవదు, మేడ ఎక్కొద్దని నేనంటే ఎక్కి బట్టలు ఆరేసి మరీ వస్తుంది. మీ బావ చక్కెర మానేశానని నీకు రాసింది పచ్చి అబద్ధం. బిస్కెట్ల డబ్బా బీరువాలో దుప్పట్ల వెనక దొరికింది. అడిగితే ఎలకల కోసం పెట్టానన్నాడు. మా ప్రెస్సుకి కొత్త మిషను రాలేదు. నీ ఆరు ఆల్బమ్‌ల అట్టలూ వేసిన ఆ పాతదాన్నే ఇంకా బతిమాలుకుంటూ నడుపుతున్నాను.

ఇక నాలుగో ప్రశ్న. "అక్కా, కొత్త ఆల్బమ్ అట్ట మీద పరదా రంగు ఇంకాస్త ముదురుగా వెయ్యగలవా?" అని ఎంత ముద్దుగా అడిగావు! ప్రూఫు చూశాను. ఎర్ర పరదా. దాని ముందు ఎవరూ లేరు, వెనక ఎవరూ లేరు. పరదాల కొట్టువాళ్ళ ప్రకటన పొరపాటున మా దగ్గరికి వచ్చిందేమోనని మా ఓనరుని అడిగాను కూడా.

"కాదమ్మా, మీ చెల్లెలిదే. తనే కావాలందట" అన్నాడు.

అప్పుడు నీ పాత అట్టలన్నీ తీసి కటింగు బల్ల మీద వరసగా పరిచాను. మొదటిదాని నిండా నీ ముఖమే, ముప్ఫై రెండు పళ్ళూ కనిపించేలా. ఎరుపు ఎక్కువేసి నీకు జ్వరం వచ్చినట్టు చేశానని అప్పట్లో నాతో మాట్లాడ్డం మానేశావు. రెండోదాని మీద మోటారుసైకిలెక్కి గాలికి నోరు తెరుచుకుని ఉన్నావు. అది ఒక్క కాపీ కూడా అమ్ముడుపోదని మీ బావతో పందెం కాసి ఓడిపోయాను. మూడోదాని మీద అప్పుడే నిద్ర లేచిన ముఖం, కాకి గూడులాంటి జుట్టు.

ఆ తర్వాతే కదా, ఒక పొద్దున లేచేసరికి ఎడమ పక్క నరం మొరాయించి నీ మూతి పక్కకి పోయింది. మందులు, కరెంటు వైద్యం, అద్దం ముందు వ్యాయామాలు అన్నీ అయ్యాక కొంత తిరిగొచ్చింది, కొంత రానంది. గొంతుకి ఏమీ కాలేదు, అదే చాలు అన్నావు. నిజమే, నీ పాట చెక్కుచెదరలేదు. మనిషివే అట్టల మీంచి మెల్లిగా జారుకోవడం మొదలుపెట్టావు.

నాలుగోదాని మీద జుట్టు సగం ముఖాన్ని కప్పేసింది. పోనీలే అనుకున్నాను. ఐదోదాని మీద వీపు. పళ్ళు నూరుకుని ఊరుకున్నాను. ఆరోదాని మీద ఒట్టి బూట్లు! దాని మీద ఎవరో పెద్దమనిషి పత్రికలో రెండు పేజీలు రాశాడు, గాయని తనని తాను దాటుకుని శూన్యంలోకి ప్రయాణిస్తోందట. శూన్యమూ లేదు, నా తలకాయా లేదు. మూతి వంకర ఎవరికీ కనిపించకూడదు, అంతే సంగతి. ఈ మధ్య కచేరీల్లో దీపాలన్నీ నీ వెనకనుంచే వేయించుకుంటున్నావు, టీవీలో చూశాను. మైకు ముందు నల్లగా ఒక నీడ నిలబడి పాడుతోంది.

అమ్మ ఆ బూట్ల అట్టని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏమే, ఇది చెప్పుల కొట్టువాళ్ళు పంచిపెట్టిందా?" అంది.

నీదేనని చెప్పాను.

"మరి పిల్లేదీ?" అంది.

తన గది గోడకి మొదటి మూడే తగిలించుకుంది. మిగతావి మంచం కింద ఉన్నాయి.

ఆల్బమ్ కంపెనీవాళ్ళ మీద కోపం తెచ్చుకుందామంటే ఆ సుఖం కూడా లేదు. ఈసారి ముఖం వేద్దామని వాళ్ళడిగితే వద్దన్నది నేనేనని నువ్వే రాశావు. ఎనిమిదోదాని మీద ఏం వేయిస్తావు తల్లీ, తెల్ల కాగితమా? నాకు సిరా పని కూడా తప్పిపోతుంది.

ఇంతసేపూ తిట్టింది అసలు సంగతి చెప్పడానికి ధైర్యం చాలకే. ఇక చెప్పేస్తాను. మిషను చెడిపోయిందని ఓనరుకి అబద్ధం చెప్పాను. అది నిక్షేపంలా ఉంది. సోమవారం దాకా గడువు దొరికింది, నీ పరదాని ఇంకా మిషను ఎక్కించలేదు.

ఇంకోటి కూడా ఉంది. పోయినసారి నువ్వు వచ్చినప్పుడు మీ బావ వంటింటి కొళాయి బాగుచేస్తానని విప్పి, నీళ్ళు పైకప్పు దాకా చిమ్మించాడు గుర్తుందా? నువ్వు దాని కింద బకెట్ పట్టుకుని నిలబడి పగలబడి నవ్వావు. మామూలుగా నీకు నవ్వొస్తే చటుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటావు. ఆ రోజు రెండు చేతులూ బకెట్‌కే సరిపోయాయి. తడిసి ముద్దయిన మీ బావని ఫొటో తీద్దామని ఫోను ఎత్తినదాన్ని, నిన్ను తీశాను. నిన్ను అడగలేదు, తర్వాత చెప్పనూ లేదు.

నిన్న అందరూ భోజనాలకి వెళ్ళినప్పుడు దాన్ని అట్ట కొలతకి పెంచి ఒక్కటంటే ఒక్క షీటు వేశాను. ఎడమ కన్ను సగం మూసుకుపోయి ఉంది, మూతి కుడి పక్కకి లాగేసి ఉంది. ఎక్కడా దిద్దలేదు. ఎరుపు మాత్రం ఈసారి సరిగ్గా వేశాను. కాగితం బయటికి వస్తుంటే నాకు ఏడుపొచ్చింది. జాలిపడ్డాననుకునేవు, మర్యాదగా ఉండదు. ఇన్నేళ్ళకి నా చేతుల్లోకి నువ్వొచ్చావని ఏడ్చాను.

ఎవరికీ చూపించలేదు, అమ్మకి తప్ప. మూతి మాట ఆవిడ ఎత్తనే లేదు. "వచ్చిందా? ఎప్పుడొచ్చింది?" అని వంటింటి వైపు చూసింది. తర్వాత సంగతి తెలిసి, మూడో అట్ట పక్కన మేకు కొట్టమంది. మీ బావే కొట్టాడు. అదృష్టం బాగుండి ఆ గోడలో నీళ్ళ గొట్టం లేదు. కానీ నువ్వు సరేననకుండా తగిలించనని నేను షీటు లాక్కున్నాను, ఆవిడ నాతో మాట్లాడ్డం లేదు. మేకు ఖాళీగా ఉంది.

ఆ షీటు ఈ కవర్లోనే మడిచి పెట్టాను. నీ ముఖం నీది. పరదాయే కావాలంటే, మిషను బాగైందని ఓనరుకి చెప్పి నువ్వడిగినంత ముదురుగానే వేస్తాను, మళ్ళీ నిన్ను సాధించను. ఏదైనా సరే, సోమవారంలోగా ఫోను చేసి నోటితో చెప్పు.

ఆల్బమ్ పేరు ఎక్కడ వేస్తావని అడుగుతావేమో. బకెట్ మీద కావలసినంత చోటుంది.

ఇట్లు,
నీ బూట్లూ వీపూ చూసి చూసి విసిగిపోయిన
అక్క